వియత్నాం: సగం కాపురం వీధిలోనే

వియత్నాం వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోల్లో ఎక్కువగా రెండే కనిపిస్తాయి. ఒకటి డా నాంగ్ దగ్గర బానా హిల్స్‌లో పెద్ద పెద్ద చేతులు ఎత్తి పట్టుకున్నట్టుండే బంగారు వంతెన, రెండోది హాలాంగ్ బేలో క్రూయిజ్. ప్యాకేజీల్లో కూడా పెద్దక్షరాలతో ఉండేవి ఇవే. అమ్మని తీసుకుని తిరిగొచ్చాక నాకు మాత్రం ఆ దేశంలో ముందుగా చూడాల్సింది అక్కడి ఫుట్‌పాత్ అనిపించింది. వంట, భోజనం, కబుర్లు, క్షవరం, పిల్లల హోంవర్కు, మధ్యాహ్నం కునుకు, అన్నీ అక్కడే. అందుకే ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి అన్న లెక్కలన్నీ దాన్నిబట్టే చెబుతాను. పెద్దవాళ్ళతో, అందులోనూ శాకాహారులతో వెళ్ళేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.

హనోయ్‌లో మేం దిగింది పాత బస్తీలో, ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటల్లో. అక్కడి ఇళ్ళు వీధి వైపు మూడు నాలుగు మీటర్ల వెడల్పే ఉంటాయి, లోపలికి మాత్రం పొడుగ్గా సాగి, పైకి ఐదారు అంతస్తులు లేస్తాయి. కింద రిసెప్షన్ అని బల్ల వేసిన చోటే ఆ ఇంటివాళ్ళ హాలు కూడా. సాయంత్రం కోడలు పిల్లాడికి అక్కడే అన్నం తినిపిస్తుంది, రాత్రి పది దాటితే బండ్లన్నీ లోపలికి తోసి షట్టర్ దించేస్తారు. అద్దె రోజుకి రెండున్నర వేల రూపాయల లోపే. అయితే ఇలాంటి ఇళ్ళలో చవకగా వచ్చే గదులకి చాలావాటికి కిటికీ ఉండదు. బుక్ చేసేటప్పుడే కిటికీ ఉందా, లిఫ్ట్ ఉందా అని అడిగి రాయించుకోండి. ఇంకో సంగతి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కియెమ్ చెరువు చుట్టూ, పాత బస్తీలో కొన్ని వీధుల్లో బండ్లు రానివ్వరు. ఆ సమయంలో దిగితే సూట్‌కేసు లాక్కుంటూ కొంత దూరం నడవాలి.

పాత బస్తీని ముప్ఫై ఆరు వీధుల బస్తీ అంటారు. ఒక్కో వీధికి ఒకప్పుడు అక్కడ అమ్మిన సరుకు పేరే. హాంగ్ బాక్‌లో వెండి. హాంగ్ గాయ్‌లో మాత్రం ఇప్పుడు అమ్మేది పట్టు. మాకు బాగా నచ్చింది హాంగ్ మా. ఆ వీధంతా కాగితం సామాను. కాగితపు చొక్కాలు, కాగితపు ఇల్లు, కాగితపు మోటారుసైకిల్, కాగితపు ఫోన్లు. చనిపోయిన పెద్దలకి అందాలని వాటిని ఇంటి ముందు కాల్చేస్తారు. అమ్మ ఒక దుకాణం ముందు చాలాసేపు నిలబడి, "నాన్నగారికి పంపాలంటే స్కూటరే కొనాలి" అంది. దాదాపు ప్రతి ఇంట్లో పెద్దల ఫోటోలతో ఒక పీఠం ఉంటుంది. దుకాణాల్లోనైతే నేల మీద, గుమ్మానికి ఎదురుగా ఒక చిన్న మందిరం. అందులో క్షేత్రపాలకుడు, ధనదేవుడు పక్కపక్కనే కూర్చుంటారు. వాళ్ళకి పళ్ళు, నీళ్ళు, ఒక్కోసారి మూత తీసిన కాఫీ గ్లాసు. ఫోన్ రీచార్జి షాపులోనూ ఉంటుంది, స్కూటర్ మెకానిక్ దగ్గరా ఉంటుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే అగరుబత్తి వెలిగించే పద్ధతి చూస్తే, అమ్మకి పరాయి దేశం అన్న బెరుకు మొదటి రోజే సగం పోయింది.

ఉదయం ఐదున్నరకల్లా చెరువు గట్టు నిండిపోతుంది. ఒక వైపు తాయ్ చీ, ఒక వైపు బ్యాడ్మింటన్, ఇంకో వైపు స్పీకర్ పెట్టుకుని పాటకి తగ్గట్టు చేతులూ కాళ్ళూ ఊపే ఆడవాళ్ళ వరసలు. అరవై దాటినవాళ్ళే ఎక్కువ. వరసలో ఉన్న ఒకావిడ అమ్మని చూసి, చెయ్యి పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది. భాష రాదు, అడుగులు రావు, అయినా ఎవరూ నవ్వలేదు. అయిపోయాక ఆవిడ వేళ్ళు లెక్కపెట్టి తన వయసు చెప్పి, అమ్మ వయసు అడిగింది. తర్వాత ఎక్కడికి వెళ్ళినా మాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే. ఎదుటి మనిషి అక్కో, చెల్లో, పిన్నో, అమ్మమ్మో తేల్చుకుంటే తప్ప వాళ్ళకి మాట ముందుకి సాగదు. మనకిది తెలియని సంగతేం కాదు. వయసు అడిగారని నొచ్చుకోవద్దు.

ఇక తిండి. ఒక మూల మీద ఒకావిడ బాన్ కువోన్ చేస్తుంటే అరగంట చూశాం. మరుగుతున్న నీళ్ళ కుండ మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టి ఉంటుంది. బియ్యప్పిండి జావ ఒక గరిటెడు ఆ గుడ్డ మీద పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా పరిచి మూత పెడుతుంది. కొన్ని క్షణాలాగి మూత తీస్తే అవతలి వైపు కనిపించేంత పల్చటి పొర. సన్నటి వెదురు బద్ద దాని కిందకి దూర్చి, చిరగకుండా లేపి, నూనె రాసిన పళ్ళెంలో పరుస్తుంది. అమ్మది కోనసీమ. "పూతరేకులే! కుండ తిరగేశారు, అంతే" అని అక్కడే కూర్చుండిపోయింది. మామూలుగా అందులో పంది మాంసం, పుట్టగొడుగులు పెట్టి చుడతారు. ఏమీ పెట్టకుండా ఇమ్మని సైగ చేస్తే ఉత్తవే చుట్టి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇచ్చింది. పక్కన గిన్నెలో పెట్టేది మాత్రం చేపల పులుసునీళ్ళు. నువోక్ మామ్ అనే ఈ చేప రసం వియత్నాం వంటకి ఉప్పులాంటిది, కూరగాయల కూరలో కూడా పడుతుంది. మాంసం వద్దంటే సరిపోదు.

శాకాహారులు చెప్పాల్సిన మాట "ఆన్ చాయ్". బౌద్ధుల శాకాహారం అని అందరికీ తెలుసు, చేప రసం కూడా వెయ్యరు. "చాయ్" అని బోర్డు ఉన్న చిన్న హోటళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే అమావాస్య పున్నములకి, చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో ఈ హోటళ్ళు కిటకిటలాడతాయి. వీటిలో సోయాతో చేసి, అచ్చం రొయ్యలాగా, కోడి ముక్కలాగా మలిచిన వంటకాలు ఉంటాయి. చూసి అమ్మ కంగారుపడింది. కాబట్టి పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. మాకు రోజూ కడుపు నింపినవి తెల్లన్నం, టమాటా రసంలో ఉడికించిన టోఫు, వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద వేయించిన తూటికూర. మన దగ్గర చెరువు గట్టున పెరిగినా పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ కూర అక్కడ ప్రతి పూటా భోజనంలో ఉండాల్సిందే. మనం మళ్ళీ వండుకోవచ్చు అనిపించింది.

కాఫీ గురించి చెప్పకుండా కుదరదు. ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత ఎక్కువ కాఫీ పండేది వియత్నాంలోనే, అందులో ఎక్కువ భాగం రోబస్టా. గ్లాసు మీద చిన్న అల్యూమినియం ఫిల్టర్ పెట్టి, చుక్క చుక్కగా దిగేదాకా కూర్చోవాలి. కింద గడ్డపాలు, అంటే డబ్బాల్లో వచ్చే తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్ళకి చిక్కదనం నచ్చుతుంది, తీపి కొంచెం ఎక్కువవుతుంది. గుడ్డు కాఫీ 1946లో పాల కొరత ఉన్నప్పుడు హనోయ్‌లో ఒక హోటల్ ఉద్యోగి కనిపెట్టింది. పచ్చసొన, గడ్డపాలు గిలక్కొట్టిన నురగ పైన తేలుతుంది. నేను తాగాను, వాసన రాలేదు. అయితే కాఫీ కంటే నాకు నచ్చింది ఫుట్‌పాత్ మీద ఐస్ టీ. ఒక ముసలావిడ, ఒక కెటిల్, నాలుగు పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళు, వేరుశనగ చిక్కీ డబ్బా. మన లెక్కలో పదిహేను రూపాయలు కూడా ఉండదు. ఎంతసేపు కూర్చున్నా లెమ్మనరు. ఆఫీసు టై కట్టుకున్నవాళ్ళూ, కావడి దింపి సేద తీర్చుకునే పళ్ళమ్మే ఆవిడా అదే స్టూళ్ళ మీద మోకాళ్ళు మడుచుకుని కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ స్టూళ్ళు కష్టం. అమ్మకి రెండు స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి ఇచ్చేవారు, అడగకుండానే.

రోడ్డు దాటడం అంటే అమ్మకి మొదట్లో చాలా టెన్షన్. బండ్లు ఆగవు. మనం మెల్లగా, ఒకే వేగంతో నడుస్తూ పోవాలి, వాళ్ళే పక్కనుంచి తప్పుకుని వెళ్తారు. మధ్యలో ఆగడం, వెనక్కి పరుగెత్తడం చెయ్యకూడదు. కార్లూ బస్సులూ మాత్రం అలా తప్పుకోవు, వాటిని పోనిచ్చాకే దిగాలి. ఇంత రద్దీలోనూ హెల్మెట్ లేని బండి కనిపించడం అరుదు. 2007 డిసెంబరులో తప్పనిసరి చేశారు, అప్పట్నించి అలవాటైపోయింది. గ్రాబ్ యాప్‌లో బైక్ పిలిచినా డ్రైవరు మనకో హెల్మెట్ తెచ్చి ఇస్తాడు. రేటు యాప్‌లో కనిపించేదే. మా ప్రయాణం మొత్తం మీద ఏ గొడవా లేకుండా నడిచిన సేవ ఇదే. పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా మాత్రం ఊరు కాస్త నెమ్మదిస్తుంది. భోజనం కాగానే కునుకు. దుకాణం తెరిచే ఉంటుంది, యజమాని మడత కుర్చీలో నిద్రపోతుంటాడు, బైక్ డ్రైవరు సీటు మీదే వెల్లకిలా పడుకుని హ్యాండిల్ మీద కాళ్ళు పెట్టేస్తాడు. ఆ రెండు గంటలు మనమూ గదికెళ్ళి పడుకోవడమే మేలు.

హనోయ్‌లో చూసే స్థలాల్లో సాహిత్య మందిరానికి నా ఓటు. 1070లో కన్ఫ్యూషియస్ పేర కట్టింది, కొన్నేళ్ళకే అక్కడ రాజుగారి విద్యాలయం వచ్చింది. రాతి తాబేళ్ళ వీపుల మీద నిలబెట్టిన 82 శిలాఫలకాల మీద అప్పటి పెద్ద పరీక్షల్లో నెగ్గినవాళ్ళ పేర్లు, ఊర్లు చెక్కి ఉన్నాయి. పరీక్షల ముందు పిల్లలు వచ్చి తాబేలు తల నిమిరేవారట, అరిగిపోతున్నాయని ఇప్పుడు అడ్డం కట్టారు. మేం వెళ్ళినప్పుడు డిగ్రీ పూర్తయిన అమ్మాయిలు తెల్ల ఆవో జాయ్ (పైజామా మీద వేసుకునే వాళ్ళ పొడుగు సంప్రదాయ దుస్తులు) వేసుకుని, తల్లిదండ్రుల్ని పక్కన నిలబెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు.

హాలాంగ్ బే అందమైనదే, ఆ రాతి కొండలు సముద్రంలోంచి లేచిన తీరు ఎవరికైనా నచ్చుతుంది. కానీ హనోయ్ నుంచి ఒక్క రోజు టూర్ మాత్రం వద్దు. సగం రోజు బస్సులోనే పోతుంది, పడవ దగ్గర క్యూ, గుహ దగ్గర క్యూ. మేం తీసుకున్న టూర్ వాళ్ళు శాకాహార భోజనం అని డబ్బు కట్టించుకుని, పడవలో ఉడికించిన క్యాబేజీ, ఆలూ వేపుడు పెట్టారు. రాత్రి పడవలో ఉండే ఓపిక, డబ్బు ఉంటేనే వెళ్ళండి, గాలివాన ఉంటే పడవలు రద్దవుతాయని కూడా గుర్తుంచుకోండి. దానికి బదులు నిన్ బిన్. హనోయ్‌కి రెండు గంటల దూరం. అవే రాతి కొండలు, సముద్రం బదులు వరి పొలాలు, నది. ట్రాంగ్ ఆన్‌లో చిన్న పడవ ఎక్కితే రెండున్నర మూడు గంటలు తిప్పుతారు, టికెట్టు రెండున్నర లక్షల డాంగ్, అంటే ఎనిమిది తొమ్మిది వందల రూపాయలు. తెడ్డు వేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. గుహల్లో పైకప్పు తలకి తగిలేంత కిందకి వస్తుంది, అప్పుడు వాళ్ళే భుజం తట్టి వంగమంటారు. తామ్ కోక్ వైపైతే వెనక్కి వాలి కాళ్ళతో తెడ్లు వేస్తారు. ఊరి మధ్య హోమ్‌స్టేలో ఉంటే, పొద్దున్నే స్తంభానికి కట్టిన మైకులోంచి ఊరి ప్రకటనలు వినిపిస్తాయి, నిద్రాభంగం తప్పదు. అయినా సరే, ఆ ఇంటావిడ వండిన అన్నం, తోటలోంచి అప్పుడే కోసుకొచ్చిన ఆకుకూర కోసం ఇంకో రాత్రి ఉండిపోయాం.

అక్కడినుంచి హుయేకి రాత్రి రైలు. హనోయ్ నుంచి సైగాన్ (ఇప్పటి అధికారిక పేరు హో చి మిన్ సిటీ) దాకా 1726 కిలోమీటర్ల ఈ మీటర్‌గేజ్ లైను 1936లో పూర్తయింది, యుద్ధంలో తెగిపోయి, దేశం ఒకటయ్యాక 1976 ఆఖర్లో మళ్ళీ కలిసింది. నాలుగు బెర్తుల గది తీసుకోండి, పెద్దవాళ్ళకి కింది బెర్తులు. వేడినీళ్ళు పెట్టెలోనే దొరుకుతాయి, శాకాహారం దొరకదు. కాబట్టి నూడిల్స్, పళ్ళు దగ్గర పెట్టుకోండి. హుయే నుంచి డా నాంగ్ ముక్క మాత్రం పగటి పూటే ప్రయాణం చెయ్యాలి. హాయ్ వాన్ కనుమ అంచు పట్టుకుని రైలు మెల్లగా పాకుతుంటే కింద సముద్రం. దక్షిణానికి వెళ్ళేటప్పుడు ఎడమ వైపు సీటు అడగండి.

హుయే 1802 నుంచి 1945 దాకా రాజధాని. కోట పెద్దది, ఎండలో తిరగడం కష్టం, 1968 యుద్ధంలో చాలా భాగం నేలమట్టమైంది. నాకు ఎక్కువ గుర్తుండేది తియెన్ ము ఆరామంలో ఒక షెడ్డులో పెట్టిన పాత నీలం ఆస్టిన్ కారు. 1963 జూన్ 11న బౌద్ధుల అణచివేతకి నిరసనగా సైగాన్ నడివీధిలో ఆత్మాహుతి చేసుకున్న భిక్షువు తిక్ క్వాంగ్ డుక్ ఆ కారులోనే అక్కడికి వెళ్ళారు. అమ్మ దండం పెట్టుకుంది. మా ప్రయాణంలో మంచి శాకాహార భోజనం దొరికిన ఊరు కూడా హుయేనే, ఇన్ని ఆరామాలున్న చోట అది సహజం.

డా నాంగ్ దగ్గరే ఉన్న హోయ్ ఆన్ గురించి రెండు మాటలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పాత ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు. లాంతర్లు, పడవలు, సెల్ఫీలు. అదే ఊరు ఉదయం ఆరింటికి వెళ్ళి చూస్తే పసుపు గోడలు, గుమ్మాలు ఊడ్చుకునే ఆడవాళ్ళు, బేరాలతో గోలగోలగా సంత. గది ఊరి బయట, ట్రా క్వే కూరగాయల తోటల వైపు తీసుకోండి, చవక, సైకిళ్ళు ఊరికే ఇస్తారు. దర్జీలు ఒక్క రోజులో బట్టలు కుడతారన్నది నిజమే, అయితే రెండుసార్లు వేసి చూసుకునే టైము ఉంటేనే ఇవ్వండి. బానా హిల్స్ ఇక్కడికి దగ్గరే, టికెట్టు చాలా ఎక్కువ, అక్కడ ఉన్నది కొండ మీద కొత్తగా కట్టిన ఫ్రెంచి ఊరు. ఆ డబ్బు, ఆ రోజు మీసన్‌కి పెట్టండి.

మీసన్ హోయ్ ఆన్‌కి నలభై కిలోమీటర్లు. నాలుగో శతాబ్దంలో, ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా అనే పాత హిందూ రాజ్యం రాజు భద్రవర్మ ఇక్కడ భద్రేశ్వరుడి పేర శివుణ్ణి ప్రతిష్ఠించాడు, ఆ తర్వాత వందల ఏళ్ళు గుళ్ళు కడుతూనే ఉన్నారు. చంపా రాజ్యంలో ఈ ప్రాంతం పేరు అమరావతి. గుంటూరు జిల్లా బళ్ళో చదువుకున్నవాళ్ళకి ఆ పేరు అక్కడ బోర్డు మీద చూస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇటుకల మధ్య సున్నం గీత కనిపించదు, వేలు పెట్టి తడిమినా అతుకు తెలియదు. అన్నిటికంటే ఎత్తైన గుడి 1969లో అమెరికా బాంబుల్లో కూలిపోయింది. గుళ్ళ మధ్య గడ్డి మొలిచిన గుంతలు ఆ బాంబులవే. మన పురావస్తు శాఖ వాళ్ళు ఇక్కడ కొన్ని గుళ్ళని బాగుచేశారు, 2020లో ఆ పనిలోనే తొమ్మిదో శతాబ్దం నాటి ఏకశిలా శివలింగం బయటపడింది. పూజ లేని గుడే, అయినా అమ్మ గడప దగ్గర చెప్పులు విప్పింది. పొద్దున్న తెరవగానే వెళ్ళండి. తొమ్మిది దాటితే బస్సులు దిగుతాయి, ఎండ మండిపోతుంది. ముందు రోజు డా నాంగ్‌లో చాం (చంపా వాళ్ళ) శిల్పాల మ్యూజియం చూసి వెళ్తే గుళ్ళలో ఖాళీగా ఉన్న పీఠాల మీద ఏ విగ్రహం ఉండేదో ఊహకి అందుతుంది.

సైగాన్ పెద్దది, వేడి, హడావిడి. యుద్ధ అవశేషాల మ్యూజియంలో ఏజెంట్ ఆరెంజ్ (అమెరికా సైన్యం యుద్ధంలో చల్లిన విష రసాయనం) గది చూడటం కష్టం, చిన్నపిల్లలతో వెళ్తే ఆ అంతస్తు వదిలెయ్యండి. నేను పనిగట్టుకుని వెళ్ళమనేది ట్రూవాంగ్ డిన్ వీధిలో మారియమ్మన్ గుడికి. అక్కడ స్థిరపడ్డ తమిళులు కట్టుకున్న గుడి. ఇప్పుడు వచ్చే భక్తుల్లో ఎక్కువమంది వియత్నాం వాళ్ళే. గర్భగుడి వెనక గోడకి నుదురు ఆనించి, రెండు చేతులూ రాతికి ఆన్చి, కష్టం చెప్పుకుంటారు. హనోయ్‌లో దుకాణం మందిరానికి అగరుబత్తి పెట్టినట్టే ఇక్కడా మూడేసి బత్తులు పట్టుకుని నిలబడతారు.

డబ్బు, వీసా సంగతులు. ఈ-వీసా ప్రభుత్వ సైటులోనే తీసుకోండి, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ఆ పేరుతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు బోలెడున్నాయి. మనవాళ్ళకి ఇంటిపేరు, అసలు పేరు తారుమారవుతుంటాయి, పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున ఉన్న రెండు వరసల అక్షరాల్లో ఎలా ఉందో అలాగే నింపాలి. లక్ష డాంగ్ అంటే రమారమి 330 రూపాయలు. ఇరవై వేల నోటు, ఐదు లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో ఇచ్చేటప్పుడు సున్నాలు చూసుకోండి, ఐదు లక్షల నోట్లని వేరే అరలో పెట్టుకుంటే ఇంకా మంచిది. క్యూఆర్ చెల్లింపులు వీధి బండి దగ్గర కూడా ఉన్నా ఎక్కువగా అక్కడి బ్యాంకు ఖాతాతోనే నడుస్తాయి, అందుకని మనకి నగదే మేలు.

వారం రోజులే ఉంటే హనోయ్, నిన్ బిన్, తర్వాత విమానంలో డా నాంగ్, అక్కణ్ణించి హోయ్ ఆన్, మీసన్. ఇంకో నాలుగు రోజులుంటే రైలు, హుయే కలపండి. తిరుగు విమానం సైగాన్ నుంచైతే చివరి పూట మారియమ్మన్ గుడికి సరిపోతుంది, బెన్ థాన్ మార్కెట్టు అక్కడికి నడిచే దూరమే, మెట్రో స్టేషను కూడా పక్కనే.